ఊగని కుడి చెయ్యి: రే కెన్నెడీ పాత మ్యాచ్ వీడియోల కేస్ స్టడీ

నేను కదలికలకు సంబంధించిన నరాల జబ్బులు చూసే డాక్టర్‌ని. పార్కిన్సన్స్, డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగుసుకుని మెలితిరగడం), రకరకాల వణుకులు, నడకలో తేడాలు, రోజూ ఇవే. మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చే జూనియర్ డాక్టర్లకీ, స్పోర్ట్స్ ఫిజియోలకీ నేను అందరికంటే ముందు చెప్పే కేసు మాత్రం నా పేషెంట్‌ది కాదు, రే కెన్నెడీ అనే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ ఆటగాడిది. తన జబ్బు సంగతి అతను దాచుకోలేదు. అతన్ని చూసిన న్యూరాలజిస్ట్ ఆండ్రూ లీస్ 1992లో ‘మూవ్‌మెంట్ డిజార్డర్స్’ అనే వైద్య పత్రికలో అతని పేరు శీర్షికలోనే పెట్టి ఒక వ్యాసం రాశారు. రే కెన్నెడీకి పార్కిన్సన్స్ ఎప్పుడు మొదలైంది? ఇదీ ఆ వ్యాసం వేసుకున్న ప్రశ్న. జవాబు కోసం లీస్ అతని పాత మ్యాచ్‌ల వీడియోలు వేసుకుని చూశారు.

ఇది జరిగి 30 ఏళ్లు దాటింది. అయినా మన దగ్గర క్రీడాకారులతో పని చేసేవాళ్లలో ఈ కేసు తెలిసినవాళ్లు తక్కువే కనిపిస్తారు. తెలిసి ఉండాల్సిన కేసు ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనిషి, ఆట

కెన్నెడీ 1951లో ఇంగ్లండ్ ఈశాన్య భాగంలో, సీటన్ డెలవల్ అనే బొగ్గు గనుల ఊళ్లో పుట్టాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఎడమ కాలి ఆటగాడు. మొదట ఆర్సెనల్‌కి ఫార్వర్డ్‌గా ఆడాడు, 1970-71 సీజన్‌లో ఆ టీమ్ లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిచింది, లీగ్‌ని ఖాయం చేసిన గోల్ 1971 మే 3న టాటెన్‌హామ్ సొంత మైదానంలో తలతో కొట్టింది ఇతనే. 1974 జులైలో లివర్‌పూల్‌కి వచ్చాడు, బిల్ షాంక్లీ మేనేజర్‌గా తీసుకున్న చివరి ఆటగాడు ఇతను. షాంక్లీ తర్వాత వచ్చిన బాబ్ పెయిస్లీ ఇతన్ని ముందు వరస నుంచి వెనక్కి తెచ్చి ఎడమ వైపు మిడ్‌ఫీల్డ్‌లో పెట్టాడు, అక్కడి నుంచి అతని ఆట ఇంకో స్థాయికి వెళ్లింది. 1977, 1978, 1981లలో మూడు యూరోపియన్ కప్పులు, మధ్యలో లీగ్ టైటిళ్లు, ఇంగ్లండ్ తరఫున 17 మ్యాచ్‌లు. 1981 ఏప్రిల్‌లో మ్యూనిక్‌లో బయర్న్ మీద జరిగిన సెమీఫైనల్లో, ఆట చివరి పది నిమిషాల్లో గోల్ కొట్టి టీమ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్లిందీ ఇతనే.

1982 జనవరిలో లివర్‌పూల్ వదిలి స్వాన్‌సీకి వెళ్లాడు, ఆ తర్వాత హార్టిల్‌పూల్‌కి. అప్పటికి ఆట పడిపోతూ ఉంది. 1980ల మధ్యలో, ఇంకా ముప్పైల్లో ఉండగానే, పార్కిన్సన్స్ అని తేలింది. 2021 నవంబర్ 30న, 70 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఈ తేదీలన్నీ ఎందుకు చెప్పానంటే, ఈ కేసు మొత్తం తేదీల మీదే నిలబడింది. మామూలుగా పేషెంట్‌ని ‘ఎప్పటి నుంచి ఇలా ఉంది?’ అని అడిగితే ‘రెండేళ్లు అయి ఉంటుంది’ అంటారు, పక్కనున్న భార్య ‘కాదండీ, పిల్ల పెళ్లప్పటికే కాలు ఈడ్చేవారు’ అంటుంది, కొడుకు ఇంకోటి చెబుతాడు. జ్ఞాపకం మీద ఆధారపడి పార్కిన్సన్స్ ఆరంభాన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం. కెన్నెడీ విషయంలో మాత్రం పదేళ్లకు పైగా సాగిన ఆట కెమెరాల్లో ఉంది, ప్రతి టేపుకీ ఒక తేదీ ఉంది. రోగ నిర్ధారణ కంటే ఎన్నో ఏళ్ల ముందు ఒక మనిషి శరీరం ఎలా కదిలిందో చూపించే రికార్డు అంతకుముందు ఏ న్యూరాలజిస్ట్‌కీ అంత సులువుగా దొరికేది కాదు.

ఏం కనిపించింది

రోగ నిర్ధారణకు ఏళ్ల ముందు నాటి మ్యాచ్‌లలోనే, అంటే లివర్‌పూల్‌లో కప్పుల మీద కప్పులు గెలుస్తున్న రోజుల్లోనే, పరుగెత్తేటప్పుడు కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా ఊగడం లేదు. మోచేయి దగ్గర వంగి ఒంటికి దగ్గరగా ఉండిపోతోంది.

కనిపించింది ఇంతే. ఇది చదివి ‘ఇంత చిన్న విషయమా’ అనిపించొచ్చు, కానీ పార్కిన్సన్స్ మొదటి రోజుల్లో సాధారణంగా దొరికేది ఇంత చిన్న విషయమే. వణుకు అందరికీ తెలిసిన లక్షణం, అది చాలామందిలో తర్వాత వస్తుంది, కొందరిలో అసలు రాదు. ఒక పక్క చెయ్యి ఊపు తగ్గడం మాత్రం మేము అన్నిటికంటే ముందు వెతికే గుర్తుల్లో ఒకటి.

టేపులతో పాటు కెన్నెడీ చెప్పిన కథ కూడా ఉంది. అంతుపట్టని అలసట, విపరీతమైన చెమటలు, కుడి చేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడంలో ఇబ్బంది. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ ఏమీ చెప్పదు. 90 నిమిషాలు పరుగెత్తినవాడు అలసిపోడా, చెమట పట్టదా అంటారు ఎవరైనా. గుండీ ఒక్కటి కాస్త వేరు, ఎందుకంటే అది వేళ్ల చిన్న కదలికల పని, అందులోనూ చెయ్యి ఊగని వైపే గుండీ కష్టం అయిందంటే రెండూ ఒకే చోటికి వేలు చూపిస్తున్నాయి. కుడి చేతిని నడిపేది మెదడులో ఎడమ సగం. అక్కడ లోపల పుటామెన్ అనే భాగంలో డోపమైన్ (కదలికలు సాఫీగా సాగడానికి మెదడు వాడే రసాయనం) తగ్గితే ఊపు తగ్గడం, వేళ్లు చురుగ్గా ఆడకపోవడం రెండూ ఒకే పక్కన వస్తాయి. పార్కిన్సన్స్ దాదాపు ఎప్పుడూ ఒక పక్కన మొదలవుతుంది. అందుకే తేడా పట్టుకోవడం మనకు సాధ్యమవుతోంది, ఆరోగ్యంగా ఉన్న రెండో పక్క పోల్చుకోవడానికి పక్కనే ఉంటుంది కాబట్టి.

ఆట ఎందుకు పాడవలేదు

మా జూనియర్లు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఇది. మెదడులో జబ్బు మొదలై ఉంటే యూరోపియన్ కప్ ఫైనల్ ఎలా ఆడాడు? నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

మన కదలికలు రెండు రకాలు అనుకోండి. ఒకటి, కావాలని గురి పెట్టి చేసేది, బంతిని తన్నడం, తలతో కొట్టడం, షటిల్‌ని నెట్ మీద నుంచి జార్చడం. రెండోది, ఎవరూ ఆలోచించకుండా జరిగిపోయేది, నడుస్తుంటే చేతులు ఊగడం, కళ్లు ఆర్పడం, మాట్లాడుతుంటే చేతులు కదలడం, కూర్చున్నవాడు లేచేటప్పుడు ఒళ్లు దానంతటది ముందుకు వంగడం. పార్కిన్సన్స్ ముందుగా తినేది ఈ రెండో రకాన్ని. పుటామెన్ వెనక భాగం ముందు దెబ్బ తింటుంది, అలవాటుగా జరిగే కదలికల్ని నడిపేది ముఖ్యంగా అదే. గురి ఉన్న పనికి మెదడు వేరే దారులు వాడుకోగలదు, కళ్ల ముందు బంతి ఉంది, ఎదుటివాడు ఉన్నాడు, శ్రద్ధ మొత్తం అక్కడే ఉంది. జబ్బు బాగా ముదిరి గుమ్మం దగ్గర కాలు కదలక ఆగిపోయే పేషెంట్ కూడా మనం ఒక బంతి విసిరితే ఠక్కున పట్టుకోవడం మేము చూస్తూనే ఉంటాం.

కాబట్టి స్కోర్ చూసినా, గోల్స్ లెక్కపెట్టినా జబ్బు కనపడదు. హైలైట్స్ చూసినా కనపడదు, నిజానికి హైలైట్స్ మరీ పనికిరావు, ఎందుకంటే వాటిలో ఉండేదంతా మొదటి రకం కదలికే. చూడాల్సింది ఆటకీ ఆటకీ మధ్య ఉన్న సమయం. గోల్ అయ్యాక తన స్థానానికి తిరిగి నడిచి వెళ్లేటప్పుడు. రిఫరీ ఏదో తేలుస్తుంటే నిలబడి ఉన్నప్పుడు. బంతి అవతలి పక్క ఉంటే నెమ్మదిగా పరుగు తీసేటప్పుడు. మ్యాచ్ ముందు జాతీయ గీతం వస్తుంటే కెమెరా ఒక్కొక్కరి ముఖం మీదుగా వెళుతుంది చూడండి, ఆ కొద్ది క్షణాల్లో కనురెప్పలు ఎంత తరచుగా వాలుతున్నాయి, ముఖంలో కదలిక ఉందా, చేతివేళ్లు ఎలా పెట్టుకున్నాడు, ఇవన్నీ దొరుకుతాయి. అభిమానులు రిమోట్ నొక్కి ముందుకు జరిపేసే భాగమే మాకు కావాల్సింది.

మొదటి స్పష్టమైన లక్షణం కనపడే సమయానికి డోపమైన్ తయారుచేసే నరకణాల్లో సుమారు సగం దాకా పోయి ఉంటాయని చెబుతారు. అంటే నష్టం ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా సాగుతుంది. ఆ ఏళ్లన్నీ కెన్నెడీ టేపుల్లో ఉన్నాయి.

టేపు చూడటంలో ఉన్న చిక్కులు

టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, మనిషి వెంట కాదు. 1970ల నాటి ఇంగ్లిష్ ప్రసారంలో ప్రధాన కెమెరా స్టాండ్స్ మీద ఎత్తులో ఒక పక్కనే ఉండేది. ఎడమ వైపు ఆడే మనిషి ఒక హాఫ్‌లో కెమెరాకి ఎడమ పక్క చూపిస్తూ పరుగెత్తితే ఇంకో హాఫ్‌లో కుడి పక్క చూపిస్తాడు, కాబట్టి సగం మ్యాచ్‌లో కుడి చెయ్యి ఒంటి వెనకే ఉండిపోతుంది. వైడ్ షాట్‌లో చెయ్యి అంటే తెర మీద కొన్ని చుక్కలే. అప్పటి బ్రిటిష్ టీవీ సెకనుకి 25 ఫ్రేములు, చేతి ఊపు కొలవడానికి అది చాలు, పార్కిన్సన్స్ వణుకు సెకనుకి 4 నుంచి 6 సార్లు కాబట్టి దానికీ లెక్క ప్రకారం చాలు, కానీ అంత దూరం నుంచి వణుకు కనపడాలంటే బొమ్మలో స్పష్టత సరిపోదు.

ఇంకో చిక్కు ఫుట్‌బాల్‌లోనే ఉంది. ఎడమ కాలితో తన్నేవాడి కుడి చెయ్యి బ్యాలెన్స్ కోసం పైకి, ముందుకి వస్తుంది. ఒకడు మీద పడుతుంటే చెయ్యి అడ్డం పెడతారు. అలాంటి చోట్లన్నీ తీసేయాలి, నేరుగా, ఒంటరిగా, బంతి లేకుండా పరుగెత్తే ముక్కలు మాత్రమే పెట్టుకోవాలి. ఇలా వడపోస్తే ఒక మ్యాచ్ నుంచి మిగిలేది చాలా తక్కువ.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు చూసేవాడి కళ్లలో ఉంటుంది. ‘ఇతనికి పార్కిన్సన్స్ వచ్చింది’ అని ముందే తెలిసి చూస్తే ప్రతి ఫ్రేములోనూ పార్కిన్సన్సే కనిపిస్తుంది. దీనికి నేను మా వాళ్లకి నేర్పే పద్ధతి ఒకటే. ఒకరు క్లిప్పులు కత్తిరించి తేదీలు, స్కోరు బోర్డు తీసేయాలి, అదే ఆటగాడి చిన్నప్పటి క్లిప్పులు, అదే ఫ్రేములో అదే వేగంతో పరుగెత్తుతున్న సహచరుల క్లిప్పులు కలిపేయాలి, వరస మార్చేయాలి. చూసేవాళ్లు ఇద్దరు ఉండాలి, ఒకరికొకరు చెప్పుకోకుండా విడిగా రాయాలి. ఆ తర్వాతే తేదీలు తెరవాలి. కుడి చెయ్యి తేడా ఒక సంవత్సరం నుంచి మొదలై, అంతకుముందు లేకుండా, తర్వాత పెరుగుతూ పోతే అప్పుడు దానికి విలువ ఉంటుంది. ఒక్క ఫొటోలో వంగిన మోచేయికి ఏ విలువా లేదు.

ఇంకో మాట. తొలి దశలో గుర్తు ఎప్పుడూ ఉండదు, వచ్చి పోతుంది. అలసినప్పుడు, టెన్షన్‌లో ఉన్నప్పుడు బయటపడి, విశ్రాంతి తీసుకుంటే మాయమవుతుంది. మొదటి హాఫ్ చూసి బాగుందని మూసేయకూడదు. చివరి పావుగంట తప్పనిసరిగా చూడాలి.

లూ గెరిగ్‌తో పోలిస్తే

ఈ కేసు పక్కనే ఇంకో కేసు పెట్టుకుంటే తప్ప పాఠం పూర్తి కాదు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్, వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన మనిషి, 1939 మే 2న తనంతట తనే తప్పుకున్నాడు. జూన్‌లో మేయో క్లినిక్‌లో ఏఎల్ఎస్ (కండరాల్ని నడిపే నరకణాలు చనిపోయే జబ్బు) అని తేలింది, రెండేళ్లకే, 1941 జూన్ 2న పోయాడు. ఇతని జబ్బు ఎప్పుడు మొదలైందో తేల్చడానికి కసార్‌స్కిస్, విన్‌స్లో అనే ఇద్దరు 1989లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఒక పరిశీలన రాశారు. 1938 జనవరిలో గెరిగ్ ఒక కౌబాయ్ సినిమాలో నటించాడు, దానిలో అతని చేతుల్ని వాళ్లు జాగ్రత్తగా చూశారు, కండరాలు పీల్చుకుపోయాయా, పట్టు తగ్గిందా అని. అప్పటికి చేతులు మామూలుగానే పనిచేస్తున్నాయి.

కానీ స్కోరు కార్డు వేరే కథ చెప్పింది. 1937లో అతని బ్యాటింగ్ సగటు .351 (అంటే వెయ్యిసార్లు బ్యాట్ పడితే 351 హిట్లు), హోమ్ రన్లు 37. 1938లో .295, 29. చాలామంది ఆటగాళ్లకి .295 అంటే గర్వపడే సీజన్, కానీ పోల్చాల్సింది గెరిగ్‌ని గెరిగ్‌తోనే. 1939లో తప్పుకునే ముందు ఆడిన 8 మ్యాచ్‌లలో 28 సార్లు బ్యాట్ పట్టి కొట్టిన హిట్లు 4.

తేడా గమనించారా? ఏఎల్ఎస్‌లో కండరానికి బలం పోతుంది, బలం పోతే బంతి దూరం పోదు, కాబట్టి అంకెలే ముందు పడిపోతాయి. పార్కిన్సన్స్ మొదట్లో బలం పోదు, ఆలోచించకుండా జరిగే కదలిక పోతుంది, కాబట్టి అంకెలు ఏళ్ల తరబడి బాగానే ఉండి వీడియో మాత్రం మారుతుంది. ఒకడి విషయంలో సినిమా చూసి లాభం లేకపోయింది, ఇంకొకడి విషయంలో గోల్స్ లెక్క చూసి లాభం లేదు. క్రీడాకారుడిని అనుమానించాల్సి వచ్చినప్పుడు మీ దగ్గరున్న రెండు రికార్డుల్లో ఏది తెరవాలో జబ్బును బట్టి ఉంటుంది, అందుకే నేను రెండూ తెరవమంటాను.

మూడో రికార్డు గొంతు. ముహమ్మద్ అలీకి 1984లో రోగ నిర్ధారణ అయింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్లు 2017లో అతని పాత టీవీ ఇంటర్వ్యూల ఆడియో కొలిచి చూస్తే 1968 నుంచి 1981 మధ్య మాట వేగం 26 శాతం తగ్గినట్టు తేలింది. బాక్సింగ్‌లో తలకి తగిలిన దెబ్బల పాత్రా ఉంటుంది కాబట్టి అలీ కేసు అంత శుభ్రమైనది కాదు. అయినా మ్యాచ్ తర్వాతి ఇంటర్వ్యూ ఎందుకు వినాలో చెప్పడానికి నాకు ఇది చాలు.

తల దెబ్బల మాట వచ్చింది కాబట్టి, కెన్నెడీ కూడా తలతో బంతి కొట్టినవాడే కదా అని అడుగుతారు. స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు 7,676 మంది మీద 2019లో వచ్చిన గ్లాస్గో పరిశీలనలో, నరాలు క్షీణించే జబ్బులతో చనిపోవడం మామూలు జనంలో కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అది గుంపు మీద చెప్పిన మాట. ఒక మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందో దాన్నిబట్టి చెప్పలేం.

చెయ్యి ఊగకపోతే అన్నీ పార్కిన్సన్సేనా

కావు, ముమ్మాటికీ కావు. మన దగ్గర ముందుగా గుర్తు రావాల్సింది భుజం పట్టేయడం, ఫ్రోజెన్ షోల్డర్. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ, షుగర్ మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందికి ఉందో చెప్పక్కర్లేదు. భుజం నొప్పి ఉన్నవాడు చెయ్యి ఊపడు. కానీ ఇక్కడే మెలిక ఉంది, పార్కిన్సన్స్ కూడా కొన్నిసార్లు భుజం పట్టేయడంతోనే మొదలవుతుంది, నెలల తరబడి ఫిజియోథెరపీ, ఇంజెక్షన్లు అయ్యాక మా దగ్గరికి వస్తారు. రెండింటినీ విడదీయడానికి ఒక తేలిక దారి, అదే పక్క వేళ్లు చూడటం. బొటనవేలు, చూపుడువేలు వేగంగా, పెద్దగా తెరిచి మూయమనండి. భుజం జబ్బులో వేళ్లు హాయిగా ఆడతాయి. పార్కిన్సన్స్‌లో రాను రాను కదలిక చిన్నదైపోయి, మధ్యలో తడబడుతుంది.

తర్వాత అలవాట్లు. బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య రాకెట్ పట్టుకునే నడుస్తారు, ఆ చెయ్యి సహజంగానే తక్కువ ఊగుతుంది. ఫోన్ పట్టుకుని నడిచేవాళ్లదీ అంతే. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక వ్యాసం నేను తప్పకుండా చదివిస్తాను. పుతిన్ నడుస్తున్న వీడియోల్లో కుడి చెయ్యి ఊగడం లేదని న్యూరాలజిస్టులు గమనించారు. పార్కిన్సన్స్ అనేసి ఊరుకోకుండా ఇంకా వెతికితే అప్పటి ప్రధాని మెద్వెదేవ్‌తో సహా ఇంకొందరు రష్యా అధికారుల నడకా అలాగే ఉంది. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ శిక్షణ పుస్తకంలో తుపాకి చేతిని ఛాతీకి దగ్గరగా ఉంచి నడవాలన్న సూచన దొరికింది. జబ్బు కాదు, శిక్షణ వల్ల వచ్చిన నడక అన్నది వాళ్ల అభిప్రాయం. పార్కిన్సన్స్ నిపుణులే ఇలా ఆగి ఆలోచించినప్పుడు టీవీ ముందు కూర్చున్న మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో చూడండి.

యువ క్రీడాకారుల్లో ఇంకో గుర్తు ఉంది, ఇది కోచ్‌లకి ప్రత్యేకంగా చెప్పాలి. 40 లోపు వచ్చే పార్కిన్సన్స్‌లో కొందరికి మొదట వచ్చేది పాదం డిస్టోనియా. కొంత దూరం పరుగెత్తాక ఒక పాదం లోపలికి తిరిగిపోతుంది, వేళ్లు ముడుచుకుపోతాయి, ఆపి కూర్చుంటే సర్దుకుంటుంది. బూట్లు మార్చమంటారు, కండరం పట్టిందంటారు, మెగ్నీషియం తాగమంటారు. ఎప్పుడూ ఒకే పాదం, ఎప్పుడూ శ్రమ తర్వాత, నెలల తరబడి ఇదే జరుగుతుంటే ఆ పరుగుని మొదటి నిమిషం నుంచి ఫోన్‌లో తీసి న్యూరాలజిస్ట్‌కి చూపించాలి. క్లినిక్‌లో కూర్చోబెట్టి చూస్తే మాకు ఏమీ కనపడదు, మామూలు పాదమే కనిపిస్తుంది.

ముందే తెలిస్తే ఏం ఒరుగుతుంది

పార్కిన్సన్స్‌ని ఆపే మందు ఇంకా లేదు. లెవోడోపా లక్షణాల్ని చాలా బాగా తగ్గిస్తుంది, జబ్బు ముందుకు నడవడాన్ని ఆపుతుందని రుజువు కాలేదు. మరి అంత ముందుగా పట్టుకుని మనిషిని భయపెట్టడం ఎందుకు అని తోటి డాక్టర్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న.

నా జవాబు కెన్నెడీ స్వాన్‌సీలో గడిపిన కాలం. లివర్‌పూల్‌లో పైస్థాయిలో ఆడిన మనిషి నెమ్మదించాడు, అలసిపోతున్నాడు, ఒళ్లు వంచి ఆడటం లేదన్న మాట పడ్డాడు. ఏళ్ల తర్వాత తెలిసింది ఆ మెదడులో డోపమైన్ తగ్గిపోయిందని. డోపమైన్ తక్కువైన మనిషి చూడటానికి అచ్చం శ్రద్ధ లేనివాడిలాగే ఉంటాడు, ముఖంలో భావం ఉండదు, లేవడానికి సమయం పడుతుంది, గొంతు మెత్తబడుతుంది, ఉత్సాహం తగ్గుతుంది. ఇది ఆటగాళ్లకే కాదు, బ్యాంకులో, బడిలో, పొలంలో పనిచేసే మనిషికీ జరుగుతుంది. ‘బద్ధకం పెరిగింది’, ‘మనసు లేదు’, ‘డిప్రెషన్ ఏమో’ అన్న మాటలు పడీ పడీ, చివరికి తనే నిజమేనేమో అనుకునే స్థితికి వచ్చినవాళ్లని నేను చూస్తుంటాను. జబ్బుకి పేరు పెట్టిన రోజున కొందరు ఏడుస్తారు, అందులో సగం ఊరట. మందు వాళ్ల జబ్బుని ఆపకపోయినా, ముందే తెలియడం అనవసరమైన భుజం ఆపరేషన్‌ని ఆపుతుంది, ఉద్యోగంలో మాట పడటాన్ని ఆపుతుంది, వ్యాయామం మానేయకుండా కొనసాగించేలా చేస్తుంది. ఇవి చిన్న లాభాలని నేను అనుకోను.

మేము చేసే పద్ధతి, ఫోన్‌లో తీసే వీడియో

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోన్ సెకనుకి 60, 120 ఫ్రేములు తీస్తుంది, లీస్‌కి దొరికిన టేపుతో పోలిస్తే ఎంతో మెరుగు. ఓపెన్‌పోజ్, మీడియాపైప్ లాంటి సాఫ్ట్‌వేర్లు వీడియోలోంచి భుజం, మోచేయి, మణికట్టు ఎక్కడున్నాయో వాటంతటవే గుర్తించి కోణాలు ఇస్తాయి. అంకె వస్తే నమ్మకం వస్తుంది, అది మంచిదే, కానీ సాఫ్ట్‌వేర్ మణికట్టుని ఒంటి వెనక దాగినప్పుడు ఊహించి పెడుతుంది, వదులు కుర్తా వేసుకుంటే మోచేయి ఎక్కడో చూపిస్తుంది. నేను అంకె చూసే ముందు ప్రతిసారీ వీడియో కళ్లతో చూస్తాను.

తీయాల్సిన తీరు కష్టమేమీ కాదు. చేతుల్లో ఏమీ లేకుండా, బిగుతు బట్టలతో, కనీసం పదడుగులు నేరుగా కెమెరా వైపు నడిచి, తిరిగి, వెనక్కి నడవాలి. తిరిగేటప్పుడు తల, భుజాలు, నడుము ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతున్నాయా లేక మనిషి మొత్తం ఒకేసారి చిన్న చిన్న అడుగులతో తిరుగుతున్నాడా అన్నది చెయ్యి ఊపు అంత ముఖ్యం. తర్వాత అదే నడక, 100 నుంచి ఏడు ఏడు తీసేస్తూ పైకి లెక్కపెట్టమంటాను. శ్రద్ధ లెక్క మీదికి పోగానే, అప్పటిదాకా కావాలని ఊపుతున్న చెయ్యి ఆగిపోతుంది. బంతి దగ్గర లేనప్పుడు కెన్నెడీ చెయ్యి చెప్పిన నిజం ఇక్కడ ఏడుల లెక్క చెబుతుంది. క్రీడాకారుడైతే ఇదంతా కఠినమైన ట్రైనింగ్ తర్వాత ఇంకోసారి తీయిస్తాను.

అనుమానం మిగిలితే పరీక్ష చేయాలి. చెయ్యి పట్టుకుని కీలు బిగుసుకుపోతోందా చూడాలి, వాసన తెలుస్తోందా, నిద్రలో కలలకి తగ్గట్టు చేతులు కాళ్లు విసురుతున్నారా అని ఇంట్లోవాళ్లని అడగాలి, అవసరమైతే ట్రోడాట్ స్కాన్ (మెదడులో డోపమైన్ నరాలు ఎంత మిగిలాయో చూపేది) చేయించాలి. వీడియో ఈ తలుపు దాకా తీసుకొస్తుంది, లోపలికి వెళ్లేది పరీక్షతోనే.

ఈ రంగంలో నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. టీవీలో కనిపించే క్రీడాకారుల, రాజకీయ నాయకుల నడక క్లిప్పులు పంపి ‘డాక్టర్ గారూ, ఈయనకి పార్కిన్సన్సేనా?’ అని అడుగుతుంటారు. నేను జవాబు చెప్పను. కెన్నెడీ టేపులు చూసే నాటికి అతని జబ్బు తేలిపోయి ఉంది, వెనక్కి వెళ్లి ఎప్పుడు మొదలైందో చూశారు. తెలియని మనిషి వీడియో చూసి ముందుకు చెప్పడం పూర్తిగా వేరే పని, అందులో తప్పు పోయే అవకాశం చాలా ఎక్కువ, ఆ తప్పు ఖరీదు ఒక ఆటగాడి కాంట్రాక్టు కావచ్చు, జట్టులో చోటు కావచ్చు. కోచ్ గానీ ఫిజియో గానీ తేడా గమనిస్తే చెప్పాల్సింది ఆ ఆటగాడికే, విడిగా. సెలెక్టర్లకి కాదు, గ్రూపులో కాదు.

మీకో, మీ ఇంట్లోవాళ్లకో అనుమానం ఉండి డాక్టర్ దగ్గరికి వెళ్తుంటే, పాత వీడియోలు వెతికి పట్టుకెళ్లండి. క్లబ్ టోర్నమెంట్ రికార్డింగులు, మారథాన్ ఫినిష్ లైన్ క్లిప్పులు ఉంటే మంచిది. లేకపోతే పెళ్లి వీడియోలు చాలు, మన ఇళ్లలో అవి లేనివాళ్లు ఉండరు, వాటి మీద తేదీ కూడా ఉంటుంది. బంధువులకి ఎదురెళ్లి నడిచే చోటు, మెట్లెక్కి వేదిక మీదికి వచ్చే చోటు, అక్షింతలు వేసే చెయ్యి, కాళ్లకి దండం పెట్టి లేచే చోటు గుర్తుపెట్టి ఉంచండి. ఒక్క ఏడాదివి కాకుండా వేర్వేరు సంవత్సరాలవి తీసుకెళ్లండి. డాక్టర్‌కి చూపించేముందు మీకేం కనిపించిందో చెప్పకండి, ముందు ఆయన్నే చూసి చెప్పమనండి.